మొక్క సరే, మందు మాటేమిటి?

(ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారక ధర్మనిధి ఉపన్యాసం)



సుబ్బారావు గారి పేరిట మాట్లాడమన్నప్పుడు, ఔషధ మొక్కల టిష్యూ కల్చర్ గురించి చెబుతానన్నాను. నిర్వాహకులు కాస్త తటపటాయించారు. ఆయన జీవరసాయన శాస్త్రవేత్త కదా, మొక్కలతో ఆయనకేం పని అని వారి సందేహం. పని ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన ఈ మనిషి మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు తొడుక్కున్న పాపానికి ఎం.బి.బి.ఎస్. పోగొట్టుకుని, దానికన్నా చిన్న పట్టా ఎల్.ఎం.ఎస్.తో బయటపడ్డాడు. ఆ పట్టాతో మొదట చేరింది మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలోనే. అక్కడ శరీర నిర్మాణ శాస్త్రం చెబుతూ, మన మూలికల్లో ఉన్న గుణాన్ని రసాయన పరీక్షతో తేల్చాలని ఆశపడ్డాడు. 1922లో బోస్టన్ ఓడ దిగాక దారి మారింది. ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి, కణానికి శక్తినిచ్చే ఏటీపీ, ఆ తర్వాత లెడర్లీ కంపెనీలో ఫోలిక్ యాసిడ్ సంశ్లేషణ, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్, బోదకాలుకు హెట్రజాన్. ఆ ఆరియోమైసిన్‌ను పట్టుకున్న బెంజమిన్ డగ్గర్ ఎవరనుకున్నారు? విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ చేసిన వృక్షశాస్త్రవేత్త. ముసలివాడని పక్కన పెట్టకుండా ఆయన చేతికి ప్రయోగశాల అప్పగించిన సంస్థలో పరిశోధనలకు పెద్ద దిక్కు సుబ్బారావు గారే. 1948లో, 53 ఏళ్ళకే ఆయన వెళ్ళిపోయారు.

ఇవాళ్టి మాటకు నన్ను నడిపించింది మాత్రం మరో విషయం. పసిపిల్లలకు వచ్చే రక్త క్యాన్సర్‌కు ఇప్పుడు ప్రపంచమంతటా ఇచ్చే చికిత్సలో మెథోట్రెక్సేట్, విన్‌క్రిస్టిన్ రెండూ ఉంటాయి. మొదటిది సుబ్బారావు గారి బృందం ఫోలిక్ యాసిడ్‌ను అటూ ఇటూ మార్చి చేసిన మందుల సంతతి. అది పూర్తిగా ఫ్యాక్టరీ సరుకు, దానికి ఏ మొక్కా అక్కర్లేదు. రెండోది మన పెరళ్ళలో ఊదారంగు, తెల్ల పూలు పూసే బిళ్ళ గన్నేరు ఆకు నుంచి వస్తుంది. ఇప్పటికీ ఆకు నుంచే. ఒకే పిల్లవాడికి, ఒకే వార్డులో ఎక్కించే రెండు మందుల్లో ఒకటి సీసాలోకి వచ్చింది, రెండోది రాలేదు. టిష్యూ కల్చర్ పుట్టి ఇన్ని దశాబ్దాలైనా ఎందుకు రాలేదు? నా వాదమంతా ఈ ప్రశ్నకు జవాబే. ప్రయోగశాల మొక్కను ఇవ్వగలదు, అందులో అనుమానం లేదు. మందును ఇస్తుందా లేదా అన్నది వేరే లెక్క. ఆ లెక్క చూడకుండా మనం మొక్కల్ని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నామన్నది నా ఫిర్యాదు.

1

ముందు కొంచెం చరిత్ర. తెలిసినవారు ఓర్చుకోవాలి.

1902లో ఆస్ట్రియా శాస్త్రవేత్త గాట్లీబ్ హాబర్‌లాండ్ ఆకు కణాలను విడదీసి పోషక ద్రవంలో ఉంచాడు. ఒక్క కణం నుంచి మొక్క అంతా రావచ్చని ఆయన ఊహ. కణాలు బతికాయి, ఉబ్బాయి, విభజన మాత్రం చెందలేదు. ఊహ నిజమే, అప్పటికి హార్మోన్లు తెలియవు. 1941లో అమెరికాలో వాన్ ఓవర్‌బీక్ బృందం మరీ పసి దశలో ఉన్న ఉమ్మెత్త పిండాలను పెంచడానికి కొబ్బరిని వాడింది. కొబ్బరిలోని ద్రవంలో ఏదో ఉందని అలా తేలింది. 1955లో కైనెటిన్ అనే హార్మోన్ దొరికింది. 1957లో స్కూగ్, మిల్లర్ అసలు తాళం చెవి చూపించారు. ఆక్సిన్ అనే హార్మోన్ పాలు ఎక్కువైతే వేళ్ళు, కైనెటిన్ లాంటి సైటోకైనిన్ పాలు ఎక్కువైతే చిగుళ్ళు, రెండూ సమానంగా ఉంటే కాలస్ అనే ఆకారం లేని కణాల ముద్ద. 1962లో మురాషిగె, స్కూగ్ పొగాకు కోసం తయారుచేసిన మీడియమే ఇవాళ్టికీ ప్రతి ల్యాబులో ‘ఎమ్మెస్’ పేరుతో తిరుగుతోంది. మళ్ళీ ఉమ్మెత్త దగ్గరికే వస్తే, 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో శిప్రా గుహ, సతీశ్‌చంద్ర మహేశ్వరి ఉమ్మెత్త పరాగకోశాలను పెంచి, పుప్పొడి నుంచి పిండాలు తెప్పించారు. ప్రపంచంలో అది మొదటిసారి. మన దేశంలో జరిగిన ఈ పనికి పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యం కన్నా ఎక్కువ చోటు దక్కాలని నా కోరిక.

పని తీరు చెప్పుకోవడానికి సులువే. మంచి తల్లి మొక్కను ఎంచుకుని కొనచిగురో కణుపో కోస్తారు. సూక్ష్మజీవులు పోయేలా మందునీళ్ళతో కడుగుతారు. 121 డిగ్రీల ఆవిరిలో ఉడికించిన సీసాలో లవణాలు, విటమిన్లు, లీటరుకు 30 గ్రాముల చక్కెర, గడ్డకట్టడానికి అగర్, చిటికెడు హార్మోన్ ఉంటాయి. 25 డిగ్రీల గదిలో, రోజుకు 16 గంటల వెలుతురులో పెడితే కణుపు నుంచి చిగుళ్ళు గుత్తిగా వస్తాయి. వాటిని విడదీసి కొత్త సీసాల్లోకి మార్చడం, మళ్ళీ విడదీయడం. సరిపడినన్ని అయ్యాక వేళ్ళు పోయించి, బయటి గాలికి మెల్లగా అలవాటు చేసే హార్డెనింగ్‌కు పంపుతారు. అరటి రైతులకు ఇదంతా నేను చెప్పనక్కర్లేదు, వాళ్ళ తోటల్లో చాలా ఇలా వచ్చినవే.

ఇందులో మొక్క సంఖ్య పెరిగింది. ఇంతవరకూ మందు ప్రస్తావనే లేదు, గమనించారా?

2

బిళ్ళ గన్నేరు దగ్గరికి వద్దాం. మడగాస్కర్ నుంచి వచ్చి మన వాకిళ్ళలో స్థిరపడ్డ మొక్క ఇది. షుగరు జబ్బుకు దీని ఆకు నమలడం మన ఊళ్ళలోనూ ఉంది, జమైకాలోనూ ఉంది. 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఆ జమైకా ఆకును తెప్పించి ఎలుకల మీద పరీక్షించారు. రక్తంలో చక్కెర తగ్గలేదు, తెల్ల రక్తకణాలు పడిపోయాయి. మధుమేహం కోసం వెతికితే క్యాన్సర్ మందు దొరికింది. అదే విన్‌బ్లాస్టిన్. తర్వాత ఇలై లిల్లీ కంపెనీ విన్‌క్రిస్టిన్‌ను వేరుచేసింది. 1963లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది.

చిక్కు ఎక్కడంటే, ఆకులో ఈ మందులు ఉండేది అత్యల్పం. ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్ కావాలంటే దాదాపు 500 కిలోల ఎండుటాకు పట్టుకురావాలి. అందుకే టిష్యూ కల్చర్ వచ్చిన కొత్తలో అందరి కళ్ళూ దీని మీద పడ్డాయి. ఆకు కణాలను పెద్ద తొట్టెల్లో పెంచి మందు పిండుకుంటే పోలేదా అనుకున్నారు. జర్మనీ, కెనడా, జపాన్, మన దేశం, ఎక్కడ చూసినా బిళ్ళ గన్నేరు కణాలే. కణాలు చక్కగా పెరిగాయి. మందు రాలేదు.

కారణం తెలియడానికి చాలా కాలం పట్టింది. తెలిశాక మాత్రం మొక్క మీద గౌరవం పెరుగుతుంది. విన్‌బ్లాస్టిన్ ఒక జంట అణువు. కాథరాంథిన్ ఒక సగం, విండొలిన్ రెండో సగం. తయారీ ఒకే కణంలో జరగదు. మొదటి మెట్లు ఆకు ఈనెలను అంటుకున్న కణాల్లో, నడిమి మెట్లు ఆకు పైపొర కణాల్లో జరుగుతాయి. విండొలిన్ తాలూకు చివరి మెట్లు పాలకణాల్లోనూ, వాటి పక్కన అక్కడక్కడా ఉండే ప్రత్యేక కణాల్లోనూ పూర్తవుతాయి. అణువు సగం తయారై ఒక కణం నుంచి మరో కణానికి చేతులు మారుతుంది. వీటిలో కొన్ని మెట్లకు వెలుతురు కావాలి. చివరికి మొక్క కాథరాంథిన్‌ను ఆకు పైనున్న మైనపు పూతలోకి నెట్టి, విండొలిన్‌ను లోపల దాచుకుంటుంది. రెండు సగాలూ కలవకుండా మొక్కే అడ్డుగోడ కట్టుకుంది. మనకు దొరికే మందు చుక్క ఆ గోడ దాటి కలిసినంత మాత్రమే.

ఇప్పుడు సీసాలోని కణాన్ని చూడండి. దానికి ఈనె లేదు, పైపొర లేదు, పాలకణం లేదు. అన్నీ ఒకే తరహా కణాలు. చక్కెర నోటి దగ్గరికే వస్తోంది, పురుగు లేదు, ఎండ లేదు, ఎవరూ కొరకరు. కొత్తల్లుడు అత్తారింట్లో ఎంత పని చేస్తాడో అదీ అంతే చేస్తుంది. (నవ్వుతున్నవారిలో అల్లుళ్ళెవరో నాకు తెలుసు.) పరిశోధకులకు కాథరాంథిన్ దొరికింది, విండొలిన్ దొరకలేదు.

మలేరియా మందు ఆర్టెమిసినిన్ కథ కూడా ఇదే. తూ యూయూకు 2015లో నోబెల్ తెచ్చిన ఆ మందు దాని మొక్క ఆకు మీది చిన్న చిన్న గ్రంథి రోమాల్లో తయారవుతుంది. రోమాలు లేని కణాల ముద్దను ఎంత పెంచినా ఏం లాభం? మందు మొక్కలో ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు పుడుతుందో తెలుసుకోకుండా సీసా పట్టుకోకూడదని ఈ రెండు మొక్కలూ చెబుతున్నాయి.

2022లో డెన్మార్క్ శాస్త్రవేత్తల బృందం వేరే దారి తొక్కింది. బిళ్ళ గన్నేరు వాడే మెట్లన్నిటినీ ఈస్టు కణంలోకి తెచ్చి, ముప్పైకి పైగా మొక్క జన్యువులను అందులో చేర్చి, విండొలిన్, కాథరాంథిన్ రెండూ తయారు చేయించింది. ఘనకార్యమే. అయితే దిగుబడి ఇంకా అతి స్వల్పం. ఆకుల మూటలకు అప్పుడే సెలవు లేదు.

3

అయితే సీసాలో మందు ఎప్పుడూ రాదా అంటే, వచ్చింది. ఎక్కడ వచ్చిందో చూస్తే రహస్యం తెలుస్తుంది.

జపాన్‌లో లితోస్పెర్మమ్ అనే మొక్క వేరులో షికోనిన్ అనే ఎర్రని రంగు పదార్థం ఉంటుంది. గాయాలకు మందు, బట్టలకు అద్దకం. ఆ వేరు ఏళ్ళ తరబడి భూమిలో ఉంటే గాని చేతికి రాదు. 1983లో మిత్సుయి పెట్రోకెమికల్ సంస్థ కణాల తొట్టె నుంచి షికోనిన్ తీసి అమ్మింది. ఆ రంగుతో లిప్‌స్టిక్ కూడా వచ్చింది! వాళ్ళు ఏం చేశారంటే, పనిని రెండు తొట్టెలుగా విడగొట్టారు. మొదటి తొట్టెలో బలమైన మీడియం పోసి కణాలను పెంచారు. రెండో తొట్టెలో తిండి మార్చేశారు. అమ్మోనియం తీసేశారు, ఎందుకంటే అది ఉంటే షికోనిన్ పుట్టదు. వెలుతురూ దీనికి పడదు. అలా ఇబ్బంది పెట్టాకే కణాలు ఎర్రబడ్డాయి. పెరగడానికి కావలసిన పరిస్థితి ఒకటి, మందు తయారీకి కావలసిన పరిస్థితి మరొకటి అన్న సంగతి ఇంతకన్నా స్పష్టంగా ఎక్కడా కనిపించదు.

క్యాన్సర్ మందు టాక్సాల్‌ది ఇంకో తరహా. అమెరికా పడమటి తీరంలో పెరిగే యూ చెట్టు బెరడులో మన్రో వాల్, మన్సుఖ్ వాణి దాన్ని కనుగొని, 1971లో నిర్మాణం ప్రకటించారు. 1992లో అండాశయ క్యాన్సర్‌కు అనుమతి వచ్చింది. బెరడు ఒలిస్తే చెట్టు చస్తుంది, చెట్టేమో మహా నెమ్మదిగా పెరుగుతుంది. కొంతకాలం ఐరోపా యూ ఆకుల నుంచి సగం అణువు తీసి, మిగతా సగం రసాయనికంగా అతికించారు. తర్వాత బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ సంస్థ కణాల తొట్టెల్లోకి మారి, 2004లో అమెరికా ప్రభుత్వపు హరిత రసాయన పురస్కారం అందుకుంది. జర్మనీలో ఇందుకు వాడే తొట్టెల్లో కొన్నిటి సామర్థ్యం 75,000 లీటర్లు.

ఈ రెండు చోట్లా కలిసొచ్చినవి రెండే. ఆకారం లేని కణం కూడా ఆ పదార్థాన్ని తయారు చేయగలదు, దాని ధర తొట్టె ఖర్చును మోయగలదు. రెండింట్లో ఏది లేకపోయినా ఫ్యాక్టరీ మూతపడుతుంది. జిన్సెంగ్ విషయంలో మధ్యే మార్గం దొరికింది. కణాలను కాకుండా వేళ్ళనే తొట్టెల్లో పెంచారు. వేరు వేరుగానే ఉంది కాబట్టి దాని గుణం దానికి మిగిలింది. నేలలోని ఒక బాక్టీరియా సోకితే మొక్క నుంచి పుట్టి, బయటి హార్మోన్లు అక్కర్లేకుండా గుబురుగా పెరిగే ‘హెయిరీ రూట్స్’ మీద మన విశ్వవిద్యాలయాల్లో ఎన్నో సిద్ధాంత వ్యాసాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం బీరువా దాటలేదని చెప్పడానికి మొహమాటపడను.

4

మన అవసరం వేరు. మనకు తొట్టె కన్నా ముందు కావలసింది నారు.

రాయలసీమలో ఎండాకాలం నన్నారి షర్బత్ తాగనివారు ఉండరు. ఆ వాసన సుగంధిపాల వేరుదని అనుకుంటాం. బజారుకొచ్చే వేళ్ళలో మారేడు గడ్డలు కూడా ఉంటాయి. బిల్వానికీ దీనికీ చుట్టరికం లేదు. ఇది కొండరాళ్ళ మధ్య పాకే తీగ, శాస్త్రీయ నామం డెకాలెపిస్ హామిల్టోనై. దక్షిణ భారతంలో తప్ప మరెక్కడా లేదు. బలిసిన వేరు విరిస్తే వెనిలా లాంటి ఘుమఘుమ. ఊరగాయ పెడతారు, జీర్ణానికి వాడతారు. తవ్వితే తీగ మొత్తం పోతుంది. గింజ మొలక అంతంతమాత్రం, కొమ్మ పాతితే వేరు పోయడం కష్టం. ఇలాంటి మొక్కకు టిష్యూ కల్చర్ నిజంగా కావాలి.

మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ వారు ఈ పని చేశారు. నేను వారిని మెచ్చుకునేది సీసాలో మొక్క తెప్పించినందుకు కాదు, అది చాలామంది చేస్తారు. వారు ఆ మొక్కను నేలలో నాటి, వేరు ఊరేదాకా ఆగి, ఆ వాసన పదార్థం ఎంత ఉందో కొలిచి, గింజ మొక్కతో పోల్చి చూశారు. అసలు పరీక్ష అది.

ఒకసారి ఒక ల్యాబుకు వెళ్ళాను, పేరు వద్దు. సర్పగంధ సీసాలు అరలనిండా పచ్చగా మెరుస్తున్నాయి. సర్పగంధ అంటే మామూలు మొక్క కాదు. 1949లో ముంబై వైద్యుడు రుస్తుం వకీల్ రక్తపోటు మీద దాని ప్రభావాన్ని బ్రిటిష్ పత్రికలో రాసి లోకానికి చూపాడు, 1952లో స్విట్జర్లాండ్‌లో రిసర్పిన్ వేరుచేశారు, ఆ గిరాకీకి మన అడవుల్లో వేళ్ళు మిగలలేదు. సరే, ఆ ల్యాబు వారిని అడిగాను, ‘వేరులో ఆల్కలాయిడ్ ఎంత వస్తోందండీ?’ అని. ‘సర్వైవల్ తొంభై శాతం సార్’ అన్నారు. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే జవాబు. తప్పు ఆ పిల్లలది కాదు. వాళ్ళ నివేదికలో నింపాల్సిన గళ్ళలో మందు అనే గడే లేదు. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2006లో తెచ్చిన టిష్యూ కల్చర్ మొక్కల ధ్రువీకరణ మంచి వ్యవస్థ. వైరస్ లేదని, తల్లికి నకలేనని అది చూస్తుంది. అరటికి అది చాలు, గెల వేసిందంటే రైతుకు లెక్క సరిపోయింది. మందుమొక్కకు చాలదు.

తల్లికి నకలైతే తల్లిలో ఉన్నంత మందూ ఉంటుంది కదా అనవచ్చు. ఉండవచ్చు, లేకపోనూవచ్చు. కాలస్ దశ దాటి వచ్చిన మొక్కల్లో తేడాలు పుడతాయని 1981లోనే లార్కిన్, స్కౌక్రాఫ్ట్ హెచ్చరించారు. అందుకే కణుపు నుంచి నేరుగా చిగురు తెప్పించడం మేలు. నకలు నిక్కచ్చిగా ఉన్నా నేల, ఎండ, నీటి ఎద్దడి, కోత నెల మారితే మందు పాలు మారుతుంది. అడవిలో బెట్టకు తట్టుకుని వేరు ఊరిన మొక్క, డ్రిప్పు కింద ఎరువుతో ఏపుగా పెరిగిన మొక్క ఒకే పాళ్ళలో మందు ఇస్తాయని ముందే ఎవరూ హామీ ఇవ్వలేరు. కొలవాలి.

ఇక డబ్బు సంగతి. ల్యాబు మొక్క ఖర్చులో పెద్ద వాటా చేతిపనిది. చిగుళ్ళు విడదీసే అమ్మాయిల జీతాలు, ఏసీ, కరెంటు. సీసాలో నూరు శాతం తేమకు అలవాటు పడిన ఆకు బయటికి రాగానే వాడిపోతుంది, కాబట్టి హార్డెనింగ్‌లో పోయినవాటి ఖర్చు మిగిలినవాటి నెత్తిన పడుతుంది. అరటి రైతు ఆ ధర ఏడాదిలో తిరిగి రాబట్టుకుంటాడు. వేరుమొక్క రైతుకు వేరు బలిసేదాకా పైసా రాదు, వచ్చాక దళారీ వేరును కిలోల్లో తూస్తాడే గాని మందును తూయడు. అందుకే అన్ని మందుమొక్కలకూ టిష్యూ కల్చర్ అని ఊగిపోవద్దు. అనంతపురం, కర్నూలు వైపు వేసే అశ్వగంధకు గింజ చల్లితే చాలు. నేలవేము కూడా గింజతోనే వస్తుంది. అక్కడ ల్యాబు పెట్టడం సబ్సిడీ కోసమే అవుతుంది.

5

ఒక ముక్క అడవి గురించి. ఒకే తల్లి నుంచి లక్ష మొక్కలు తీసి కొండ మీద నాటితే సంఖ్య పెరుగుతుంది, జాతి బలపడదు. ఒకదాన్ని చంపిన తెగులు అన్నిటినీ చంపుతుంది. తన పుప్పొడితో తాను కాయ కట్టని మొక్కల్లో ఒకే నకలు నాటితే గింజే ఉండదు. అడవికి తిరిగి ఇవ్వదలచుకుంటే వేర్వేరు కొండల నుంచి అనేక తల్లుల్ని తేవాలి. పొలానికి ఒక దారి, అడవికి మరో దారి.

శేషాచలం మిత్రులు ఎర్రచందనం గురించి అడుగుతారని తెలుసు. సీసాలో మొక్క వస్తుంది, చాలా చోట్ల తెప్పించారు. ఎర్రని చేవ మాత్రం దశాబ్దాలు ఊరితేనే వస్తుంది. దానికి దగ్గరి దారి ఎవరైనా చూపిస్తానంటే డబ్బు కట్టకండి.

6

ఇక చేయాల్సింది. లక్నోలోని కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ సీమ్యాప్‌కు హైదరాబాద్ బోడుప్పల్‌లో పరిశోధనా కేంద్రం ఉంది. 2000లో ఏర్పడిన జాతీయ ఔషధ మొక్కల బోర్డు ఉంది. విశ్వవిద్యాలయాల్లో పరికరాలున్నాయి, కొలవగల పిల్లలున్నారు. ఔషధ మొక్కల టిష్యూ కల్చర్‌కు డబ్బు మంజూరు చేసే ప్రతి కాగితంలో ఒక షరతు పెట్టాలి. పొలంలో పెరిగి కోతకొచ్చిన మొక్కలో మందు కొలిచి చూపితేనే చివరి వాయిదా. సీసాలో చిగుళ్ళ లెక్క చూసి సిద్ధాంత వ్యాసాలకు పట్టాలిచ్చే అలవాటు మానాలి. ఈ మాట నా తోటి ఆచార్యులకు రుచించదు, అయినా చెబుతున్నాను. సుబ్బారావు గారు హార్వర్డ్‌లో మొదట పేరు తెచ్చుకున్నది ఒక కొలిచే పద్ధతితోనే. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో చెప్పే ఆ పద్ధతి 1925 నాటిది. ఫిస్క్–సుబ్బారావ్ పద్ధతి అని ఈనాటికీ విద్యార్థులు నేర్చుకుంటున్నారు.

నర్సరీ మిత్రులకు నా మనవి. మీరు అమ్మే ప్రతి ట్రేతో ఒక కాగితం ఇవ్వండి. తల్లి మొక్క ఏ కొండది, కణుపు నుంచి వచ్చిందా కాలస్ నుంచి వచ్చిందా, ఎన్నిసార్లు సీసా మారింది, ఈ నకలు పొలంలో ఎన్ని నెలలకు ఎంత శాతం మందు ఇచ్చింది. రైతు సోదరులు ట్రేకు డబ్బు కట్టేముందు ఆ కాగితం అడగండి. అది చూపలేని చోట మొక్క ఎంత పచ్చగా ఉన్నా కొనకండి.